నూటెనభై రూపాయల రబ్బరు

ముందు చక్రం కాడ కటక్ మంటాది.
నీవా వంతెన ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి.
స్పీడు బ్రేకరు వస్తే చెప్పే పనే లేదు,
ఎవరో కింద కూచోని వక్కలు కొడతా ఉన్నట్టు.

మురకంబట్టు మెకానిక్కు పూర్తిగా వినకముందే చెప్పేసినాడు:
"ఆర్మ్ మొత్తం మార్చాలక్కా, రెండు పక్కలా. ఆరువేలు."
నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని.
ఎద్దు కుంటితే కాలు మొత్తం మార్చమని
ఇరవై రెండేళ్ళలో ఏ డాక్టరూ రాయలేదు.

ఏకాంబరం అంగట్లో బుష్షులు జత నూటెనభై.
పేపర్లో చుట్టి ఇచ్చినాడు, బూందీ పొట్లం మాదిరి.
"ఎవరు యేస్తారు?"
"నేనే."
చిల్లర చేతిలో పెడతా ఇంగోసారి నా మొగం చూసినాడు.

ఆదివారం పొద్దన్నే, సంతపేటలో మా ఇంటి ముందరి గచ్చు.
వెనక చక్రాలకు బండరాళ్ళు అడ్డం పెట్టినా.
జాకీని నమ్మకూడదు, అది ఒంటికాలి కొంగ.
విప్పిన చక్రాన్నే బండి పొట్ట కింద పండబెట్టినా.
సెల్లు లైటు పట్టుకుంటానని పక్కింటి గౌసియా వచ్చింది,
ఆరో తరగతి, నోరు ఊరుకోదు.

రాత్రంతా డీజిల్లో నానినా బోల్టు ఊ అనలేదు.
పదిహేడో నంబరు స్పానరు,
దాని తోకకు బోరింగు పైపు ముక్క,
కాళ్ళు గోడకు తన్నిపెట్టి లాగితే
ఒక్క అరుపు.
"బోల్టా ఆంటీ, నువ్వా?"
ఏమో.

పాత రబ్బరు చేతికొచ్చింది.
నాకు ముందు ఈ మారుతి ఒక బెల్లం మండీ గుమస్తాది.
ఎండాకాలం డిక్కీ తెరిస్తే ఇప్పటికీ పాకం వాసన.
ఆయప్ప తోలిన దిమ్మెలు,
ఐదుగురి చోట ఎక్కించుకున్న తొమ్మిదిమంది చుట్టాలు,
పలమనేరు రోడ్డు గుంతలు, ఆ పైన నా పదేళ్ళు,
అన్నీ ఈ గుప్పెడు నల్ల ఉంగరంలో పగుళ్ళై ఉండాయి.
ఇనుముకూ ఇనుముకూ నడాన కూచోని
ఆ పక్క దెబ్బా ఈ పక్క దెబ్బా తిన్నది.
తిన్నన్నాళ్ళూ చప్పుడు లేదు.
అది చచ్చినాకే మాకు వినపడింది.

కొత్తది లోపలికి పోనంటాది.
పొడుగు బోల్టు, రెండు వాషర్లు, వెనక పెద్ద సాకెట్టు,
గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు మోచేతి దాకా.
దూడ అడ్డం తిరిగినప్పుడు కూడా ఇంతే,
సబ్బు, ఓపిక, పావు తిప్పుడు, మళ్ళా పావు తిప్పుడు.
గౌసియా ఊపిరి బిగబట్టింది.
లైటు వణికింది.
జర్రున జారి చోట్లో కూచుంది.

రెండో పక్క గురించి చెప్పేదేమీ లేదు.
అది మర్యాదగా వచ్చింది.

అంతా అయిందనుకోని ఆ పిల్ల స్పానరు అందుకుంది.
"ఉండు. గాల్లో ఉండంగా బిగించకూడదు."
"ఎందుకు?"
చక్రం నేల మీద ఆని,
బండి బరువంతా దిగి, అది ఎట్ల కూచుంటాదో
అట్ల కూచున్నాకే బిగించాలి.
లేకుంటే రబ్బరు మొదటి దినం నుంచీ మెలిపడే బతుకుతాది,
ఏడాదికే చినుగుతాది.

నన్ను పదిహేడేళ్ళకు గాల్లోనే బిగించినారు.
ఆ మాట దానికి చెప్పలే.
జాకీ దించినా. బానెట్టు మీద ఇద్దరం చేతులేసి
నాలుగుసార్లు ఊపినాం.
మళ్ళా కిందకి దూరినా, వీపు కింద గోనెపట్టా,
ముక్కుకు జానెడు దూరంలో బండి మొత్తం బరువు.
బిగించినా.

సాయంత్రం నీవా వంతెన.
ఎక్కినాం. చప్పుడు లేదు.
దిగినాం. లేదు.
గౌసియా సీట్లో ఎగిరి కూచుంది, మహారాణి మాదిరి.
స్పీడు బ్రేకరు మీద మెత్తగా ఒక ఊపు, అంతే.
ఇద్దరం నవ్వలేదు, ఇంకా వింటా ఉన్నాం.

గ్రీమ్స్‌పేట మలుపులో, చిన్నగా,
ఇన్నాళ్ళూ పెద్ద చప్పుడు చాటున దాక్కోని ఉన్న
టిక్.
టిక్ టిక్.

"ఆంటీ, ఇంగోటి."
"ఏ పక్క?"
కండ్లు మూసి తల వాల్చింది.
"యెనకాల. కుడి."
వచ్చే ఆదివారం వాళ్ళమ్మ పంపిస్తాదో లేదో
అడగాల.